గదికో స్నానాల గది

మా అక్క కూతురు ఈసారి విశ్వవిద్యాలయంలో చేరబోతోంది. వసతిగృహం దరఖాస్తు నింపుతూ మొన్న రాత్రి నాకు ఫోన్ చేసి, "పిన్నీ, అటాచ్డ్ బాత్‌రూమ్ ఉన్న గదికి టిక్ పెట్టనా, కామన్‌ది చాలంటావా? కామన్ ఉన్న గదులు కొంచెం పెద్దవట, అద్దె కూడా తక్కువట. అమ్మ మాత్రం అటాచ్డే తీసుకోమంటోంది" అని అడిగింది. భవనాలకు మంచినీటి గొట్టాలు, మురుగు గొట్టాలు వేయించే పనిలో పద్దెనిమిదేళ్లుగా ఉన్నదాన్ని కాబట్టి, ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుందని ఆ పిల్ల అనుకుంది. నిజానికి నేను ఆ రాత్రి ఏమీ చెప్పలేకపోయాను. ఇంజనీరుగా ఒక జవాబు, నాలుగేళ్లు హాస్టల్లో ఉండి వచ్చిన మనిషిగా ఇంకొక జవాబు తోచి, రెండూ ఒకదానితో ఒకటి పొసగక, రేపు చెబుతానని పెట్టేశాను. ఆ రెండింటినీ ఒకచోట పెట్టి చూసుకోవడానికే ఇది రాస్తున్నాను.

ముందు హాస్టల్ సంగతి. మా అంతస్తులో ఇరవై నలుగురం ఉండేవాళ్లం. వరండా చివర నాలుగు స్నానాల గదులు, నాలుగు మరుగుదొడ్లు, గోడ పొడవునా ఆరు కుళాయిలు ఉన్న ఒక తొట్టి ఉండేవి. తర్వాత చాలా ఏళ్లకు, అమెరికాలోనూ మరికొన్ని దేశాల్లోనూ ఆధారంగా తీసుకునే అంతర్జాతీయ ప్లంబింగ్ కోడ్‌ను ఉద్యోగంలో భాగంగా చదివినప్పుడు, డార్మిటరీలకు అది పెట్టిన లెక్క చూసి ఆశ్చర్యపోయాను. పదిమందికి ఒక మరుగుదొడ్డి, ఎనిమిది మందికి ఒక షవరు ఉంటే సరిపోతుందని అందులో ఉంది. ఆ లెక్కన మా ఇరవై నలుగురికి మూడేసి చాలు. నాలుగేసి ఉన్న మేము కాగితం మీద ధనవంతులమే. అయినా ఆ నాలుగేళ్లలో ఒక్క ఉదయం కూడా నాకు అలా అనిపించలేదు.

కారణం చాలా చిన్నది. నాలుగింటిలో ఒకదాని గొళ్ళెం అరిగిపోయి ఉండేది. పెట్టినప్పుడు పడినట్టే చప్పుడయ్యేది గానీ, బయటి నుంచి ఎవరైనా భుజంతో కాస్త ఆనుకుంటే తలుపు తెరుచుకునేది. లోపల మనిషి ఉన్నారనడానికి గుర్తుగా తలుపు పైఅంచు మీద తువ్వాలు వేలాడదీసేవాళ్లం. తువ్వాలు తీసుకుని ఒళ్ళు తుడుచుకునే ఆ చివరి నిమిషంలో మాత్రం గుర్తు ఉండదు కాబట్టి, ఒక చేత్తో తలుపు నొక్కిపట్టి మరో చేత్తో తుడుచుకోవడం మా అందరికీ అలవాటైపోయింది. ఇంకో గదిలో నీరు జాలీ దగ్గరే నిలిచిపోయి చీలమండల దాకా వచ్చేది. మిగిలినవి రెండు. ఎనిమిదింటికల్లా తయారవ్వాల్సిన వాళ్లు ఇరవై నలుగురు. మనిషికి పది నిమిషాలు వేసుకున్నా, రెండు గదుల మీద రెండు గంటలు పడుతుంది. కాబట్టి మొదటి మనిషి ఆరింటికి లేచి నిలబడాలి. కోడ్ వేసే లెక్క పెట్టిన పరికరాలన్నీ పనిచేస్తున్నాయన్న నమ్మకం మీద నడుస్తుంది. మేము నడిచింది ఆ గొళ్ళెం మీద.

ఇప్పుడు తిరిగి చూసుకుంటే, ఆ నాలుగేళ్లూ నన్ను బాధపెట్టింది ఏమిటో స్పష్టంగా చెప్పగలను. ఆ గది ఇరవై నలుగురిది కావడం వల్ల నాకు కష్టమేమీ కలగలేదు. దానిలో ఉన్న ఆ పది నిమిషాలు కూడా అది నాది కాకపోవడమే కష్టమయింది. సొంతం వేరు, ఏకాంతం వేరు. అటాచ్డ్ బాత్‌రూమ్ గురించి జరిగే చర్చంతా ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడటం వల్లే తెగకుండా ఉందని నా అభిప్రాయం. విద్యార్థికి ఏకాంతం అవసరమా అని అడిగితే, అవసరమే, అందులో బేరం లేదు. సొంతం అవసరమా అని అడిగితే మాత్రం ఎవరికి, ఎప్పుడు, దేనికి బదులుగా అని ఎదురు ప్రశ్నలు వేయాల్సి ఉంటుంది.

ఈ ఏకాంతాన్ని విలాసంగా చూసే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు కాబట్టి ఒక మాట చెప్పాలి. ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 2010 జులైలో మంచినీటిని, పారిశుద్ధ్యాన్ని మానవ హక్కుగా గుర్తించింది. 2015 డిసెంబరులో పారిశుద్ధ్యాన్ని విడిగా మరొక హక్కుగా పేర్కొంటూ, అది అందే తీరులో ఏకాంతం, గౌరవం ఉండాలని కూడా చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి వేసే పారిశుద్ధ్య లెక్కల్లో మరుగుదొడ్డి ఎంత బాగున్నా, దాన్ని రెండు మూడు కుటుంబాలు పంచుకుంటుంటే ఒక మెట్టు దిగువన, పరిమిత సౌకర్యం కిందనే రాసుకుంటారు. ఆ కొలత ఇళ్లకు పెట్టినది, హాస్టళ్లకు కాదు. అయినా దాని వెనక ఉన్న అనుభవం మాకూ వర్తిస్తుంది. పదిమంది వాడేది ఎవరిదీ కాకుండా పోతుంది, ఎవరిదీ కానిదాని గొళ్ళెం బాగుచేయించే మనిషి ఉండడు.

నాతో ఒకే గదిలో ఉన్న స్నేహితురాలి గురించి చెప్పకుండా ఈ విషయం ముందుకు వెళ్లదు. మొదటి ఏడాది ఆమె భోజనం చాలా తక్కువ తినేది, ఉదయం పరీక్ష ఉంటే ముందు రోజు మధ్యాహ్నం నుంచే ఏమీ ముట్టేది కాదు. వరండా చివరి గది ఖాళీ అవగానే, ఎండ నేరుగా పడి నిప్పుల కొలిమిలా ఉండే ఆ గదిని ఏరి కోరి తీసుకుంది. మేము ఆటపట్టించేవాళ్లం. అది మరుగుదొడ్లకు ఆరడుగుల దూరంలో ఉన్న గది అని, అందుకే తీసుకుందని మూడో ఏడాది గానీ నాకు తెలియలేదు. ఆమెకు పెద్దపేగు పూతల వ్యాధి, అంటే అల్సరేటివ్ కొలైటిస్, అని అప్పటికి వైద్యులు తేల్చారు. ఆ జబ్బు ముదిరిన రోజుల్లో మనిషి పదిసార్లు, పదిహేను సార్లు కూడా పరుగెత్తాల్సి వస్తుంది, ఆగమంటే ఆగేది కాదు. మొదటి రెండేళ్లూ ఆమె ఏ తలుపు ఏ వేళకు ఖాళీగా ఉంటుందో మనసులో పటం గీసుకుని బతికింది. చదువు కూడా ఆ పటం చుట్టూనే తిరిగింది.

ఇది అరుదైన కథ అనుకోవడానికి లేదు. ఈ పేగు వ్యాధులు, అంటే కొలైటిస్, క్రోన్స్ వంటివి, ఎక్కువగా 15 నుంచి 35 ఏళ్ల మధ్యనే మొదటిసారి బయటపడతాయి. సరిగ్గా మనిషి విశ్వవిద్యాలయంలో ఉండే వయసు అది. చాలా సంస్థలు వైద్యుడి ధ్రువపత్రం తెస్తే అటాచ్డ్ గది ఇస్తామంటాయి. కానీ పేరు తేలని జబ్బుకు ధ్రువపత్రం ఎవరిస్తారు? మొదటి ఏడాది విద్యార్థికి అప్పుడప్పుడే లక్షణాలు మొదలై ఉంటాయి, ఇంటికి దూరంగా కొత్త ఊళ్లో వైద్యుడు దొరకడమే కష్టం, ఇక ఆ పత్రం పట్టుకుని వెళ్లి ఆఫీసులో కూర్చున్న మనిషికి తన పేగుల సంగతి వివరించాలి. వసతి కేటాయించేవాళ్లు కొన్ని గదులను ఏ కారణమూ అడగకుండా ఇచ్చేందుకు పక్కన పెట్టుకోవాలని నేను గట్టిగా నమ్మడానికి నా స్నేహితురాలే కారణం.

అవసరం ఉన్నవాళ్ల పట్టిక అక్కడితో అయిపోదు. పక్కన ఎవరో ఉన్నారని తెలిస్తే చాలు, ఎంత ఒత్తిడి ఉన్నా మూత్రం రాని మనుషులు ఉంటారు. వైద్యులు దీన్ని పారురెసిస్ అంటారు. అలాంటివాళ్లు నీళ్లు తాగడం తగ్గించుకుని, అర్ధరాత్రి అందరూ పడుకున్నాక లేస్తారు. చక్రాల కుర్చీలో తిరిగేవారికి గుమ్మం వెడల్పుతో పాటు, లోపల కుర్చీ గుండ్రంగా తిరగడానికి ఒకటిన్నర మీటరు వ్యాసం గల ఖాళీ కావాలి. అది మామూలు అటాచ్డ్ బాత్‌రూమ్‌లో కూడా ఉండదు కాబట్టి వాళ్లకు సొంత గది ఇచ్చి చేతులు దులుపుకుంటే సరిపోదు. తమ లింగ గుర్తింపు చూసేవాళ్ల అంచనాతో సరిపోలని విద్యార్థులకు ఉమ్మడి స్నానాల గదికి వెళ్లడమంటే రోజూ ఒక వాదానికి సిద్ధపడి వెళ్లడం.

బహిష్టు గురించి విడిగా రాయాలి, ఎందుకంటే నేను కూర్చున్న డిజైన్ సమావేశాల్లో దాని మాట ఎత్తిన మగవాణ్ణి నేను ఒక్కణ్ణి కూడా చూడలేదు. ఉమ్మడి మరుగుదొడ్ల వరుసలో వాష్‌బేసిన్లన్నీ బయట, అందరూ పళ్లు తోముకునే చోట ఉంటాయి. బహిష్టు రక్తాన్ని ఒంటి లోపలే పట్టే మెన్‌స్ట్రువల్ కప్ వాడే అమ్మాయి దాన్ని ఖాళీచేసి, కడిగి, మళ్లీ పెట్టుకోవాలంటే నీళ్లు చేతికందే దూరంలో, మూసిన తలుపు లోపల ఉండాలి. మూత ఉన్న చెత్తబుట్ట కూడా లోపలే ఉండాలి. అదొక్కటి బయట పెడితే, చుట్టిన పొట్లాం చేతిలో పట్టుకుని పదిమంది మధ్యలోంచి నడవాల్సి వస్తుంది. దీనికి గదికో స్నానాల గది అక్కర్లేదు. మరుగుదొడ్డి లోపల అరచేతంత బేసిన్, ఒక కుళాయి, ఒక కొక్కెం, ఒక బుట్ట చాలు. గోడ లోపల గొట్టం ఎలాగూ వెళ్తోంది, దానికి ఇంకో కొమ్మ తీయడం అరపూట పని.

జబ్బుల భయం గురించి మా అక్క ఎక్కువగా మాట్లాడింది. అందులో సగం న్యాయం ఉంది. నోరోవైరస్ అనే వాంతి-విరేచనాల వైరస్ ఉమ్మడి మరుగుదొడ్ల దగ్గర చురుగ్గా పాకుతుంది. దానికి ఆల్కహాలు శానిటైజర్ సరిగా పనిచేయదు, సబ్బుతో రుద్ది నీళ్లతో కడుక్కోవాల్సిందే. తడి నేల మీద ఒట్టి కాళ్లతో తిరిగితే కాలివేళ్ల మధ్య పుండు పడే శిలీంధ్రం అంటుకుంటుంది, చెప్పులతో వెళ్తే ఆ బాధ దాదాపు తప్పుతుంది. చర్మం మీద కురుపులు తెచ్చే బాక్టీరియా తువ్వాళ్లు, రేజర్లు పంచుకోవడం వల్ల ఎక్కువగా వస్తుంది, గది పంచుకోవడం వల్ల కాదు. 2020లో మాత్రం అటాచ్డ్ గదుల విలువ అందరికీ తెలిసివచ్చింది. జబ్బుపడ్డ విద్యార్థిని విడిగా ఉంచాలంటే ముందు విడి మరుగుదొడ్డి కావాలి, అది లేని హాస్టళ్లు అప్పుడు చిక్కుల్లో పడ్డాయి. ఆ అవసరం కోసం ప్రతి గదికీ ఒకటి కట్టక్కర్లేదు, అంతస్తుకు రెండు ఉంటే చాలు.

ఇక నా వృత్తి వైపు నుంచి చెప్పాల్సింది ఉంది.

గదికో స్నానాల గది అన్న ఆలోచన విద్యార్థుల కోసం పుట్టింది కాదు, హోటళ్ల నుంచి వచ్చింది. 1908లో అమెరికాలోని బఫలో నగరంలో ఎల్స్‌వర్త్ స్టాట్లర్ అనే ఆయన ప్రతి గదికీ సొంత స్నానాల గది ఉన్న హోటల్ కట్టాడు. ధనవంతులకే అందే సౌకర్యాన్ని మామూలు ప్రయాణికులకు ఎలా ఇవ్వగలిగాడంటే, పక్కపక్క గదుల స్నానాల గదులను వీపుకు వీపు ఆనించి, రెండింటి మధ్య ఒకే నిలువు షాఫ్టు పెట్టి, మంచినీరు, మురుగునీరు గొట్టాలన్నీ అందులోంచి పై అంతస్తుదాకా తీసుకెళ్లాడు. ఈ రోజుకీ మేము గీసే బొమ్మ అదే. 1964 టోక్యో ఒలింపిక్స్‌కు ముందు అక్కడి న్యూ ఒటాని హోటల్‌ను గడువులోగా ముగించడానికి టోటో కంపెనీ వెయ్యికి పైగా స్నానాల గదులను ఫ్యాక్టరీలో తయారుచేసిన విడిభాగాలతో అమర్చింది. ఇవాళ వసతిగృహాలకు లారీల మీద వచ్చి క్రేనుతో పైకి వెళ్లే రెడీమేడ్ బాత్‌రూమ్‌ పెట్టెలు ఆ వరసలోవే. సెలవుల్లో గదులను సదస్సులకు, సందర్శకులకు అద్దెకిచ్చుకోవచ్చన్న లెక్క కూడా చాలాచోట్ల ఈ పెట్టెలను లోపలికి తెచ్చింది. హోటల్ అతిథికి, విద్యార్థికి ఒక పెద్ద తేడా ఉందన్నది మాత్రం ఆ లెక్కలో రాలేదు. అతిథి వెళ్లిన ప్రతిసారీ ఎవరో వచ్చి కడుగుతారు. విద్యార్థి పది నెలలు ఉంటాడు, ఎవరూ రారు.

పోయిన ఏడాది ఒక వసతిగృహానికి తనిఖీకి వెళ్లాను. కట్టి ఆరేళ్లు, అన్నీ అటాచ్డ్ గదులు. పదో గదిలో జాలీ పైకెత్తితే కింద బొటనవేలు మందాన వెంట్రుకల తాడు, సబ్బు జిడ్డు పట్టి తోలులా బిగుసుకుని వచ్చింది. ఆ పిల్లవాడు గదిలోనే ఉన్నాడు, నిజంగా విస్తుపోయి, "అది పైకి వస్తుందని నాకు తెలియదండీ" అన్నాడు. జాలీ తీసి శుభ్రం చేయాలని అతనికి ఎవరూ చెప్పలేదు. ఇంట్లో అమ్మో, నాన్నో చేసి ఉంటారు. పై మూల బూజు పట్టి నల్లగా ఉంది. ఈ పెట్టెలకు కిటికీ ఉండదు, ఎగ్జాస్ట్ ఫ్యాను మీదే ఆధారం. చప్పుడు చేస్తోందని ఆ ఫ్యాను మీటను ఆపేసి ఉంచాడు. రోజూ వేడినీళ్ల ఆవిరి తలుపు సందులోంచి మంచం మీదికి, పుస్తకాల మీదికి వస్తోంది. ఉమ్మడి స్నానాల గదులు మురికిగా ఉంటాయని అందరూ అంటారు, నిజమే, కానీ అక్కడి మురికి అందరికీ కనపడుతుంది కాబట్టి ఎవరో ఒకరు ఫిర్యాదు చేస్తారు, రోజూ ఒక మనిషి వచ్చి కడుగుతాడు. అటాచ్డ్ బాత్‌రూమ్ మురికి తలుపు వెనక హాయిగా పెరుగుతుంది. నేను చూసిన వాటిలో అన్నిటికంటే అశుభ్రమైనవి అటాచ్డ్ బాత్‌రూమ్‌లే.

సెలవుల తర్వాత వచ్చే దుర్వాసన ఇంకో రకం సంగతి. ప్రతి జాలీ కింద, ప్రతి బేసిన్ కింద గొట్టం ఒక వంపు తిరిగి ఉంటుంది, ఆ వంపులో సుమారు రెండంగుళాల లోతున నీళ్లు ఎప్పుడూ నిలిచి ఉండి మురుగు కాలువ గాలిని గదిలోకి రానివ్వకుండా అడ్డుకుంటాయి. గది కొన్ని వారాలు మూసి ఉంటే ఆ నీళ్లు ఆవిరైపోతాయి, కంపు సూటిగా పైకి వస్తుంది. తిరిగి వచ్చిన విద్యార్థి ఎలుక చచ్చిందనుకుని మంచం కింద వెతుకుతాడు. ఒక చెంబెడు నీళ్లు జాలీలో పోస్తే పోయే వాసన అది. నిలవ ఉన్న గొట్టాల్లో అంతకంటే పెద్ద ప్రమాదం కూడా ఒకటి ఉంది. 20 నుంచి 45 డిగ్రీల మధ్య గోరువెచ్చగా కదలకుండా ఉన్న నీళ్లలో లీజియోనెల్లా అనే బాక్టీరియా పెరుగుతుంది. షవరు తుంపరలతో ఊపిరితిత్తుల్లోకి వెళ్తే తీవ్రమైన న్యుమోనియా తెస్తుంది. 1976లో ఫిలడెల్ఫియాలోని ఒక హోటల్లో జరిగిన సమావేశానికి వచ్చినవాళ్లు జబ్బుపడటంతో దీని సంగతి తెలిసింది. వాడని ప్రతి కుళాయినీ వారానికి ఒకసారైనా తెరిచి వదలాలని, వేడినీళ్లను 60 డిగ్రీల దగ్గర నిలవ ఉంచాలని మేము రాసిస్తాం. మూడు వందల గదులకు మూడు వందల షవర్లుంటే, సెలవుల్లో ప్రతి గది తాళం తీసి, కుళాయి తిప్పి, మళ్లీ తాళం వేసే పని ఎవరు చేస్తారు? ఉమ్మడి గదులైతే అదే మనిషి ఒక పూటలో పూర్తి చేస్తాడు.

స్థలం సంగతి చూద్దాం. అటాచ్డ్ పెట్టె ఎంత కుదించినా రెండున్నర చదరపు మీటర్లు తింటుంది, పది గదులకు ఇరవై అయిదు. అదే పదిమందికి మూడు మరుగుదొడ్లు, మూడు షవర్లు, ఒక బేసిన్ల వరుస విడివిడిగా కడితే సుమారు అందులో సగంలో సరిపోతుంది. మిగిలిన సగం ఎక్కడికి పోవాలన్నదే అసలు బేరం. మా అక్క కూతురు చెప్పిన ఆ కాస్త పెద్ద గది, అందులో బల్ల పక్కన పట్టే పుస్తకాల అర, అంతస్తుకో వంటగది, ఇవన్నీ ఆ సగంలోంచే వస్తాయి. ఒక మనిషి స్నానాల గదిలో రోజుకు ముప్పావు గంట గడుపుతాడనుకుంటే, ఆ పెట్టె మిగతా ఇరవై మూడు గంటల పైచిలుకు ఖాళీగా ఉంటుంది. చదువుకునే బల్ల అలా ఖాళీగా ఉండదు.

అలాగని ఇరవై నలుగురికి ఒకటే వరుస మళ్లీ కట్టమని నేను అనను. ఇక్కడ లెక్కకూ, మనిషికీ తగాదా ఉంది. క్యూల శాస్త్రం ప్రకారం ఎక్కువమంది ఎక్కువ గదులను ఉమ్మడిగా వాడుకుంటేనే నిరీక్షణ తగ్గుతుంది. నలుగురికి ఒకటి చొప్పున రెండు గుంపులుగా విడగొట్టడం కంటే, ఎనిమిది మందికి రెండు ఇస్తే వేచి ఉండే సమయం తక్కువ, ఎందుకంటే ఒకటి ఖాళీగా ఉండి ఇంకొక దాని ముందు మనుషులు నిలబడే పరిస్థితి రాదు. కానీ ఎనిమిది మందిలో బేసిన్‌లో టూత్‌పేస్టు నురగ వదిలి వెళ్లింది ఎవరో తెలియదు. నలుగురిలో తెలుస్తుంది. తెలిసిన చోట మనిషి తుడిచి వెళ్తాడు. రెండూ తూచి చూస్తే నా మొగ్గు నలుగురి వైపే. నాలుగు గదులు ఒక తలుపు వెనక ఉండి, ఆ నలుగురికీ మరుగుదొడ్డి ఒక తలుపు లోపల, షవరు ఇంకొక తలుపు లోపల, బేసిన్ ఆ రెండింటికీ బయట ఉండే పద్ధతి నాకు అన్నింటికంటే నచ్చింది. మూడింటినీ ఒకే గదిలో పెడితే ఒకరు తలకు పోసుకుంటున్నంతసేపూ మిగిలిన ముగ్గురికీ మూడూ మూతపడతాయి. విడదీస్తే ఒకే సమయంలో ముగ్గురు వాడుకోగలుగుతారు. ఇళ్లలో కూడా ఇలా విడిగా కట్టే దేశాలు ఉన్నాయి. ఖర్చు ఒక గోడ, ఒక తలుపు.

బేసిన్ బయట ఉండాలనడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఉమ్మడి స్నానాల గదుల వల్లే స్నేహాలు పుడతాయని కొందరు పెద్దలు చెబుతారు. గొళ్ళెం పడని తలుపు దగ్గర నాకు ఎవరితోనూ స్నేహం కుదరలేదు. కానీ రాత్రి పదకొండింటికి ఆ పొడుగాటి తొట్టి దగ్గర ముగ్గురం నలుగురం నోట్లో బ్రష్షుతో నిలబడి, సగం మాటలు నురగలోనే మింగేస్తూ మాట్లాడుకున్న మాటలు మాత్రం నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. నా స్నేహితురాలు తన జబ్బు పేరు మొదటిసారి నాతో చెప్పింది కూడా అక్కడే, కుళాయి తిప్పి ఉంచి, నీళ్ల చప్పుడులో. పళ్లు తోముకోవడానికి ఏకాంతం అక్కర్లేదు. దాన్ని కూడా తీసుకెళ్లి పెట్టెలో పెట్టి తలుపేయడం మాత్రం దుబారా అని నా ఫిర్యాదు.

ఇంకొక చిన్న మాట. ఫారంలో అటాచ్డ్ అని రాసి ఉన్నంత మాత్రాన అది ఒక్కరిదే అని అర్థం కాదు. ఇద్దరు ఉండే గదికి అటాచ్డ్ అంటే ఆ ఇద్దరికీ ఉమ్మడి అనే. పైగా ఆ తలుపు మంచానికి నాలుగడుగుల దూరంలో ఉంటుంది, గోడ పలచటి ప్యానెల్ అయితే లోపలి ప్రతి శబ్దం వినపడుతుంది. కడుపు బాగాలేని రాత్రి, పడుకుని ఉన్న రూమ్మేటుకు అన్నీ వినిపిస్తాయని బిగపట్టుకుని కూర్చోవడం కంటే వరండా చివరికి నడవడమే నయమని చాలామంది అంటారు. వాళ్లు అన్నది నిజమే.

మర్నాడు మా అక్క కూతురికి ఫోన్ చేసి టిక్ ఎక్కడ పెట్టాలో చెప్పలేదు. ఆఫీసుకు ఫోన్ చేసి కొన్ని ప్రశ్నలు అడగమన్నాను. ఒక మరుగుదొడ్డికి ఎంతమంది, ఒక షవరుకు ఎంతమంది, ఆ రెండూ ఒకే తలుపు లోపలా, వేరువేరుగానా? వారానికి ఎన్నిసార్లు కడుగుతారు, కడిగేది ఎవరు? మరుగుదొడ్డి లోపల కుళాయి, బుట్ట ఉన్నాయా? గొళ్ళెం పాడైతే ఎవరికి చెప్పాలి, ఎన్ని రోజుల్లో వస్తారు? ఈ చివరి ప్రశ్న విని అది నవ్వింది. నవ్వినా అన్నీ అడిగింది. అటాచ్డ్ గదుల బాత్‌రూమ్ ఎవరికివారే కడుక్కోవాలన్నారట. కామన్ అన్నది నలుగురికి ఒక షవరు, ఒక మరుగుదొడ్డి, విడివిడిగా, రోజు మార్చి రోజు మనిషి వస్తాడట. గొళ్ళెం సంగతికి మాత్రం అవతలి మనిషి కాసేపు ఆగి, "రాసిపెట్టుకుంటామండీ" అన్నాడట.

కామన్‌కే టిక్ పెట్టింది. మా అక్క నాతో రెండు రోజులు మాట్లాడలేదు. నేను ఒక స్క్రూడ్రైవరు, మంచి ఇత్తడి గొళ్ళెం ఒకటి, దానికి సరిపడా స్క్రూలు కొని పొట్లాం కట్టి దాని పెట్టెలో వేశాను.